అన్నానగర్‌లో మావాడి థెరపీ: ఏడు నెలల తర్వాత ఒక ఫిట్టరు తాత లెక్క

పేరు రాయను. ఆ సెంటరు నడిపే అమ్మాయే వద్దంది, ఉన్న పిల్లలకే వేళలు చాలడం లేదట. చెన్నై అన్నానగర్ వెస్టులో ఒక సందు, మందుల షాపు పైన మొదటి అంతస్తు. అంతవరకు చెబుతాను. పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ (తినడం, కట్టుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు నేర్పేది), ఫిజియోథెరపీ రెండూ అక్కడే చేస్తారు. ఏడు నెలలుగా మంగళవారం, శుక్రవారం విల్లివాక్కం నుంచి ఆటోలో మా మనవణ్ణి తీసుకెళ్ళేది నేనే. మా అమ్మాయీ అల్లుడూ ఓఎంఆర్ మీద ఆఫీసుల్లో ఉంటారు, ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. కాబట్టి ఇది అమ్మానాన్నల మాట కాదు, తాత మాట. అందులోనూ 38 ఏళ్ళు పెరంబూరు ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలకి ఫిట్టరుగా చేసిన తాత మాట. బోల్టుల గురించి కాస్త ఎక్కువ ఉంటుంది, ఓర్చుకోండి.

మావాడికి ఐదేళ్ళ తొమ్మిది నెలలు, యూకేజీ. పేరు పెట్టి చెప్పే జబ్బేమీ లేదు. పాకలేదు, కూర్చున్నచోటినుంచే జరుగుతూ పోయేవాడు. పదిహేడో నెలలో నడిచాడు. అప్పట్లో పిల్లల డాక్టరు కంగారు పడొద్దన్నాడు, ఆ మాట తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లల్ని చూసి 2006లో వేసిన లెక్క ప్రకారం పట్టు లేకుండా నడవడానికి పదిహేడున్నర నెలల దాకా పట్టొచ్చు. వందకి నలుగురు అసలు పాకకుండానే లేచి నడుస్తారట. సరే అనుకున్నాం. ఐదేళ్ళు వచ్చాక మాత్రం నా కళ్ళకి వేరే లెక్క కనిపించింది. మెట్లు ఎక్కాలంటే ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఆగేవాడు. చదునైన నేల మీద కారణం లేకుండా పడేవాడు. కింద కూర్చుంటే మోకాళ్ళు లోపలికి, పాదాలు రెండు పక్కలకి పెట్టి కప్పలా కూలబడేవాడు. పెన్సిలు పిడికిట్లో పట్టేవాడు. అన్నం కలుపుకోవడం రాదు. స్పూనిస్తే తింటాడు, చెయ్యి పెట్టమంటే నా వైపు చూస్తాడు. వాళ్ళ క్లాసు టీచరు డైరీలో "బద్ధకం" అన్న అర్థం వచ్చే మాట రాసి పంపింది. మా ఆవిడ ఆ డైరీ చూసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదట వెళ్ళిన చోటు వేరు. దాని పేరూ రాయను, అది వేరే కారణానికి. నలభై సెషన్ల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టాలి. పిల్లాణ్ణి లోపలికి తీసుకుని తలుపు వేస్తారు, నలభై ఐదు నిమిషాలకి బయటికి పంపి "గుడ్ బాయ్" అంటారు. ఏం చేశారమ్మా అని అడిగితే "ఫైన్ మోటార్ సార్" అంటారు, అంటే వేళ్ళతో చేసే సన్నపని. మావాడి పెన్సిలుకి రబ్బరు తొడుగు వేశారు, చుక్కలు కలిపే కాగితాలు ఇచ్చారు. రెండు నెలల్లో ఆ తొడుగు మూడుసార్లు పోయింది, పిడికిలి పోలేదు. పదహారు సెషన్ల దగ్గర మానేశాం. మిగతా డబ్బు ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఇక ఈ సెంటరు. మొదటి రోజు గంటంబావు చూశారు, 1,500 తీసుకున్నారు. ఆ గంటంబావులో వాడి చేతికి పెన్సిలు ఇచ్చింది చివరి ఐదు నిమిషాలే. అంతకుముందు బోర్లా పడుకోబెట్టి చేతులూ కాళ్ళూ విమానంలా ఎత్తమంది, నాలుగు లెక్కపెట్టేలోపు వాలిపోయాడు. ఒంటికాలి మీద నిలబెట్టింది, రెండు సెకన్లు. కాళ్ళు తను పట్టుకుని చేతుల మీద నడవమంది, మోచేతులు మడిచేసి ముక్కు చాపకి ఆనించాడు. బంతి విసిరితే కళ్ళు మూసుకున్నాడు. అన్నీ రాసుకుని ఆ అమ్మాయి నాతో ఒక మాటంది: "వేళ్ళ సంగతి తర్వాత చూద్దాం తాతా. ముందు నడుము, భుజం."

నాకు నవ్వొచ్చింది. ఆమె ఏదో అనుకుని ఉంటుంది. 1976లో నేను అప్రెంటిసుగా చేరినప్పుడు మా ఇన్‌స్ట్రక్టరు మొదటి రెండు రోజులూ ఆకురాయి ముట్టుకోనివ్వలేదు. ఇనప ముక్కని బిగించి పట్టే వైసు ముందు నిలబడటమే పని. వైసు దవడలు నీ మోచేతి ఎత్తులో ఉన్నాయా, లేకపోతే కాళ్ళ కింద చెక్క వేసుకో. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక. బరువు కాళ్ళలోంచి రావాలి, మణికట్టులోంచి కాదు. కాళ్ళు సరిగ్గా పెట్టనివాడు ఎంత బలంగా రాకినా ముక్క మధ్యలో ఉబ్బి, అంచుల్లో అరుగుతుంది. అప్పుడు ఎన్నిసార్లు వేళ్ళు సర్దినా ఉపయోగం లేదు. ఒళ్ళు నిలవనిదే చెయ్యి నిలవదన్నది నాకు తెలిసిన విద్యే. దాన్ని ఐదేళ్ళ పిల్లాడి పెన్సిలుకి అంటించి చూడాలని మాత్రం తోచలేదు, అంతే. మొదటి చోట రబ్బరు తొడుగు పెట్టినవాళ్ళకీ తోచలేదు.

సెషను ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తలుపుకి అద్దం ఉంది. చివరి పది నిమిషాలు మనల్నీ లోపలికి పిలుస్తారు. మొదట పదినిమిషాలు ఒళ్ళు పని: ఎలుగుబంటి నడక, పీత నడక, చక్రాల పలక మీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ గది ఇటునుంచి అటు వెళ్ళడం. తర్వాత ఉయ్యాల, బొంత చుట్టినంత లావు దిండుని పైనుంచి వేలాడదీసినట్టుంటుంది. దాని మీద గుర్రంలా కూర్చుని కింద బుట్టలో ఉన్న బొమ్మలు ఏరాలి, అదీ కుడివైపువి ఎడమచేత్తో. ఆ తర్వాతే గోడకి అంటించిన కాగితం మీద గీతలు. గోడ మీద గీస్తే మణికట్టు దానంతటదే వెనక్కి నిలుస్తుంది, భుజానికి పని పడుతుంది. రంగుబలపాలు మొత్తం ఇవ్వరు, గోరంత ముక్కలు చేసి ఇస్తారు. అంత చిన్న ముక్కని పిడికిట్లో పట్టుకోలేడు కదా, బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కలుస్తాయి. జిగ్గు తయారు చేసినవాడికే తెలుస్తుంది ఇందులో తెలివి. తప్పుగా పట్టుకునే వీలు లేకుండా చెయ్యడమే జిగ్గంటే.

ఆ ఉయ్యాల గురించి రెండు మాటలు. మొదటిది నా మాట. రెండోవారం చూస్తుంటే శ్లాబులోకి దిగిన యాంకర్ బోల్టు బాగానే ఉంది గానీ, దానికి తగిలించిన కొక్కెం లోపలివైపు అరిగి మెరుస్తోంది. ఊగే బరువు నిలబడ్డ బరువు కంటే చాలా ఎక్కువ లాగుతుంది, పైగా తిరిగే కీలు ఎండిపోయి కిర్రుమంటోంది. చెప్పాను. వేరేచోట అయితే "మెయింటెనెన్సువాళ్ళు చూస్తారు సార్" అనేవాళ్ళేమో. ఈ అమ్మాయి ఆ రోజు ఉయ్యాల విప్పించేసింది, శుక్రవారానికి బరువు ముద్ర ఉన్న కొత్త స్టీలు కొక్కెం, కొత్త కీలు వేయించింది. అరిగేదాకా ఎవరూ చూడకపోవడం తప్పే, ఆ మాటా ఆమెతో అన్నాను. ఇప్పుడు నెల మొదటి మంగళవారం నేనే స్టూలెక్కి చూస్తాను. మా ఆవిడకి ఈ స్టూలు సంగతి తెలియదు.

రెండోది ఆమె మాట. పక్క కుర్చీలో కూర్చునే ఒక తల్లి ఉయ్యాల ఊగితే మెదడు సర్దుకుంటుందని ఎక్కడో విని, అరగంట ఊపమని అడిగింది. ఆ అమ్మాయి అందరికీ వినపడేలా చెప్పింది: అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఇది. తూగు, స్పర్శ, కండరాల నుంచి వచ్చే కబుర్లని మెదడు ఎలా కలుపుకుంటుందన్నది దాని ఆలోచన. కానీ అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే 2012లో దీనికి ఆధారాలు పరిమితం అని, ఆ మాట తల్లిదండ్రులకి చెప్పాలని చెప్పింది. "అందుకని ఉయ్యాల నాకు పనిముట్టు, మందు కాదు. గుండీ పెట్టడం రావాలంటే గుండీలే పెట్టాలి" అంది. తన దుకాణంలో ఉన్న సరుకుని తనే తక్కువ చేసి చెప్పేవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ రోజే ఆమె మీద నమ్మకం కుదిరింది.

భాష తమాషా కూడా చెప్పాలి. ఆమెది తమిళం, మావాడికి ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. విల్లివాక్కంలో పుట్టినవాడే అయినా తమిళం ఆటోవాళ్ళతో మాట్లాడేంత. రెండో సెషన్లో ఉయ్యాల మీద జారుతుంటే ఆమె "పిడి! పిడి!" అని అరిచింది. తమిళంలో పట్టుకోమని. వీడు తాడు పట్టుకోవడం మానేసి ఆ దిండుకి పిడి ఎక్కడుందా అని కిందా మీదా వెతికాడు. దబ్బున చాప మీద పడ్డాడు, దెబ్బ తగల్లేదు. మర్నాటికి ఆమె తోయి, లాగు, పట్టుకో, గెంతు అని నాలుగు తెలుగు మాటలు తమిళ లిపిలో కాగితం మీద రాసుకుని గోడకి అంటించింది. మెల్లగా అన్నది, తాత అన్నది నేర్చుకోవాల్సిన పనిలేదు, రెండూ అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే.

ఇంటికి ఇచ్చే పని దగ్గరే ఈ సెంటరు మిగతావాటికంటే ఒక మెట్టు పైన ఉందంటాను. కొనుక్కోమని ఒక్క వస్తువూ చెప్పలేదు. నోటు పుస్తకంలో వారానికి రెండే రెండు పనులు రాస్తుంది. చపాతీ పిండి పిసకడం, బట్టల క్లిప్పులు తీగకి పెట్టి తియ్యడం, మినప్పప్పు డబ్బాలో దాచిన గోళీలు చూడకుండా చేత్తో వెతికి తియ్యడం, వేరుశనక్కాయలు ఒలవడం. "మా కాలంలో వీటికి డబ్బులు కట్టేవాళ్ళం కాదు" అని మా ఆవిడ సణిగింది గానీ, చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం, ముగ్గుకి చుక్కలు పెట్టించడం ఆమె సొంతంగా చేర్చినవే. ఆ థెరపీ అమ్మాయి ముగ్గు సంగతి విని, కింద గొంతుకూర్చుని పిండిని వేళ్ళ మధ్యనుంచి వదలడం చాలా మంచి పని అని పుస్తకంలో రాసుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో సణుగుడు తగ్గింది.

నా వంతు కుర్చీ. వాడు డైనింగ్ టేబులు దగ్గర కాళ్ళు వేలాడేసి కూర్చుని రాసేవాడు. పాదాలు దేనికైనా ఆనాలి, మోకాలు, తుంటి, మోచెయ్యి మూడూ మూలమట్టంలో ఉండాలి అంది ఆమె. మూలమట్టం అన్న మాట నాది, ఆమె తొంభై డిగ్రీలు అంది. మిగిలిన ప్లైవుడ్డుతో ఆరంగుళాల ఎత్తున పాదపీట ఒకటి చేశాను, అడుగున రబ్బరు. ఒక్కరోజులో రాత మారిపోలేదు. కుర్చీలోంచి జారడం మాత్రం ఆ రోజే ఆగింది.

ఫిజియోథెరపిస్టు నెలకి రెండు శనివారాలే వస్తాడు. ఆయన పని నడక, మెట్లు, గెంతడం, మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) బిగుసుకుందా లేదా చూడటం. ఈమె పని తినడం, కట్టుకోవడం, రాయడం. ఇద్దరికీ సరిహద్దు ఉంది గానీ గోడ లేదు, ఒకే ఫైలులో రాస్తారు. ఆ ఫైలు మొత్తం ఇంగ్లీషులో ఉండటం నాకు నచ్చలేదు. సగం మాటలు మా అమ్మాయి చదివి చెప్పాలి.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది మెట్లు. పందొమ్మిది మెట్లు, లిఫ్టు లేదు. మావాడికి అవి ఉచిత వ్యాయామం. కానీ మా వేళకి ముందు ఎనిమిదేళ్ళ బాబుతో ఒకామె వస్తుంది, పిల్లాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ మాట వినని స్థితి. వాణ్ణి చంకనేసుకుని ఆ పందొమ్మిదీ ఎక్కుతుంది, దిగుతుంది. ఇంకో ఏడాదికి వాడి బరువు ఆమె మొయ్యలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఏం చెబుతుందో వదిలెయ్యండి, పిల్లల కాళ్ళకి బలమిచ్చే చోటికి కాళ్ళు లేనిదే రాలేకపోవడం ఏమిటి? అడిగితే కింద అద్దె రెట్టింపు అంది ఆ అమ్మాయి. నిజమే కావచ్చు. నా మార్కులు మాత్రం ఇక్కడ తగ్గాయి. ఆ తల్లి ద్వారానే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా సంగతి తెలిసింది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి లక్ష దాకా, థెరపీతో సహా ఇస్తారు. మావాడు ఆ లెక్కలోకి రాడు, అల్లుడి కంపెనీ బీమా ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే థెరపీకి పైసా ఇవ్వలేదు.

డబ్బు: సెషను 850, నలభై ఐదు నిమిషాలు. నెలకి ఎనిమిది సెషన్లకి 6,800, ఫిజియోకి ఇంకో 1,200. ప్యాకేజీ లేదు, ఏ రోజుది ఆ రోజే. 24 గంటల ముందు చెప్పకపోతే సగం కట్టాలి. పిల్లాడి జ్వరం ముందురోజు చెప్పి వస్తుందా? రెండుసార్లు కట్టాను. వాన పడి సందులో మోకాటి లోతు నీళ్ళు నిలిచిన రోజు మాత్రం తీసుకోలేదు. నాలుగో నెలలో చేతికింద ఉన్న అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయింది, కొత్తమ్మాయి మావాణ్ణి మచ్చిక చేసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలకీ పూర్తి రుసుమే. కూర్చునే చోట ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. మంచినీళ్ళు మనమే తెచ్చుకోవాలి.

అంత పెట్టుకోలేనివాళ్ళకి ఊళ్ళో దారి లేకపోలేదు. ఎగ్మూరు పిల్లల ఆస్పత్రి ఉంది. ఈసీఆర్ మీద ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, బహుళ వైకల్యాలున్నవాళ్ళ కోసం 2005లో పెట్టింది. విల్లివాక్కం నుంచి అది ఊరి ఆ చివర, వారానికి రెండుసార్లు నా వయసులో కుదరదు. ఎక్కడికి వెళ్ళినా ఒక్కటి అడగండి: ఏం చదివారమ్మా అని. ఫిజియోకి బీపీటీ, ఆక్యుపేషనల్‌కి బీఓటీ, రెండూ నాలుగేళ్ళకి పైబడ్డ డిగ్రీలు. ఈ చదువులకి ఒక కమిషను ఉండాలని 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. ఇక్కడ సర్టిఫికెట్లు గోడ మీదే ఉన్నాయి. మొదటి చోట అడిగితే "ట్రైనింగ్ అయింది సార్" అన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు.

ఏడు నెలలకి లెక్క. ఒంటికాలు రెండు సెకన్ల నుంచి తొమ్మిదికి వచ్చింది. మెట్లు కాలు మార్చి కాలు వేస్తూ ఎక్కుతున్నాడు, దిగేటప్పుడు ఇంకా రెండు కాళ్ళూ పెట్టి ఆగుతున్నాడు. పడటం తగ్గింది. మూడు నెలల్లో మూడు గుండీలు అని ఆమె రాసిన గురి ఐదో నెలలో అందింది, అదీ నా పాత ఖాకీ చొక్కా మీది పెద్ద గుండీలు. బడి చొక్కా మెడ దగ్గరది ఇంకా మా ఆవిడే పెడుతుంది. పెన్సిలు మూడు వేళ్ళ మధ్యకి వచ్చింది, కానీ బొటనవేలు మిగతావాటి మీద కప్పేసుకుంటుంది. అక్షరాలు గీత దాటి పైకి పోతూనే ఉన్నాయి. సెంటరు గోడ మీద ఏ వయసుకి ఏం రావాలో చెప్పే పట్టిక ఒకటుంది, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళది. పిడికిలి కాకుండా వేళ్ళతో పెన్సిలు పట్టడం నాలుగేళ్ళ గళ్ళోనూ, కొన్ని గుండీలు పెట్టుకోవడం, ఒంటికాలి గెంతు ఐదేళ్ళ గళ్ళోనూ ఉన్నాయి. ఒంటికాలి గెంతు మావాడికి ఇంకా రాలేదు. గెంతబోయి రెండో కాలు ఆనించేస్తాడు.

అన్నం సంగతి. పోయిన ఆదివారం పప్పన్నం వాడే కలుపుకున్నాడు. ముద్ద పట్టలేదు, సగం కంచం బయట, నెయ్యి మోచేతి దాకా కారింది. మా ఆవిడ గుడ్డ తేబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎనిమిది ముద్దలు తిన్నాడు. లెక్కపెట్టాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఒకటీ ఆ మెట్లకి. పోయిన శుక్రవారం ఆమె తనంతట తనే చెప్పింది, జనవరి నుంచి మావాడికి వారానికి ఒక్కరోజు చాలు, మిగతాది ఇంట్లోనే చెయ్యండి అని. మంగళవారం నాలుగున్నర వేళ ఖాళీ అవుతుంది. దాన్ని ఆ ఎనిమిదేళ్ళ బాబుకి రెండో రోజుగా ఇమ్మని చెప్పి వచ్చాను. ఆ రోజు మెట్ల దగ్గర ఒక చెయ్యి సాయానికి నేను వెళ్ళొచ్చు, కొక్కేలు ఎలాగూ చూడాలి.